మీ మాట చాలు, అంకుల్

ఆ సోమవారం ఆమని చేయవలసిన పనులు ఇవి.

టాల్‌మోర్ కంపెనీ పంపిన ఉత్తరం మొదటినుంచి చివరిదాకా ఇంకోసారి చదవాలి.
‘అడుగు’ వాడుకునే హక్కు మనకుందని చూపించే కాగితాలన్నీ వెతికి ఒక్కచోట పెట్టాలి.
కొత్త హ్యాండ్‌హెల్డ్ తాలూకు కాగితం విడిగా వెతకాలి.
పుంగ్గోల్ స్టూడియో వాళ్ళు ఫోన్ చేస్తే ఈ సంగతి ఎత్తకూడదు.
ఈశ్వరరావు అంకుల్‌కి ఫోన్ చేసి అభినందనలు చెప్పాలి.
అమ్మ కంటి డాక్టరు దగ్గరికి వెళ్ళిందో లేదో కనుక్కోవాలి.

మధ్యాహ్నానికల్లా నాలుగు పనులు కొట్టేసింది. ఐదోది చేయడానికి నోరు రాలేదు. మూడోది చేద్దామంటే ఆ కాగితం ఎక్కడా లేదు.

సంగతేమిటో చెప్పాలంటే కొంచెం వెనక్కి వెళ్ళాలి. కంప్యూటర్ ఆటలు తయారుచేసేవాళ్ళు ప్రతిదీ మొదటినుంచి రాసుకోరు. వెలుతురు ఎలా పడాలి, విసిరిన రాయి ఎంత దూరం పోవాలి, మనిషి ఎలా పరిగెత్తాలి అన్న పనులన్నిటికీ ముందే రాసిపెట్టిన సరంజామా ఒకటి కొనుక్కుంటారు. దాన్నే ఇంజిన్ అంటారు. ఆమని పనిచేసే ‘కెలాపా’ అలాంటి ఇంజిన్ తయారుచేసే కంపెనీ. సింగపూర్ తై సెంగ్‌లో పాత ఫ్యాక్టరీ బిల్డింగు ఆరో అంతస్తులో, కింద పండ్ల గోడౌను, పక్కన టీషర్టుల మీద బొమ్మలు అచ్చువేసే షాపు, మధ్యలో పదకొండు మంది. వాళ్ళ ఇంజిన్ గురించి విన్నవాళ్ళు తక్కువ. వాడేవాళ్ళు ఇంకా తక్కువ. ఆ సంవత్సరం కంపెనీని నిలబెట్టే ఖాతాదారు ఒక్కరే, పుంగ్గోల్‌లోని చిన్న స్టూడియో. ఐదు వారాల్లో వాళ్ళ ఆట హ్యాండ్‌హెల్డ్ మీద, అంటే చేతిలో పట్టుకుని ఆడే పరికరం మీద, విడుదల కావాలి. కొండ మీది ఊళ్ళో ఉత్తరాలు పంచే ఒక ఆడ పోస్టుమనిషి కథ అది. ఊరంతా మెట్లే.

మెట్ల దగ్గరే వచ్చింది చిక్కు. ఆటలో మనిషి మెట్లెక్కుతుంటే పాదం గాలిలో తేలకుండా, రాతిలో దిగబడకుండా, సరిగ్గా మెట్టు మీద ఆనాలి. చూసేవాళ్ళకు అదేమంత పెద్ద పనిలా కనిపించదు. చేసేవాళ్ళకు నరకం. ఆ పని చేసిపెట్టేదే అడుగు. దాన్ని రాసినాయన ఈశ్వరరావు. చీరాల మనిషి. ముప్పై ఏళ్ళ కిందట పరిశోధన కోసం ఇక్కడి యూనివర్సిటీకి వచ్చి, పరిశోధన అయిపోయాక కూడా క్లెమెంటిలోనే ఉండిపోయాడు. కంపెనీ అంటే ఆయనా, ఉత్తరప్రత్యుత్తరాలు చూసే భార్య శ్యామలాదేవీ, అంతే. పదిహేనేళ్ళు పాదాల మీదే పనిచేశాడు. ఒకదానితో ఒకటి పోటీపడే ఐదు ఇంజిన్లు ఆయన దగ్గరే అడుగు తీసుకునేవి. ఎవరికీ ఎక్కువ తక్కువలు లేవు. అందరికీ ఒకే రోజు కొత్త వెర్షన్ వెళ్ళేది.

ఆ ఐదింటిలో అన్నిటికంటే పెద్ద ఇంజిన్ టాల్‌మోర్ వాళ్ళది. ఇప్పుడు వాళ్ళే అడుగుని కొనేశారు.

“పక్కపక్క ఇళ్ళవాళ్ళం ఒకే పాలవాడి దగ్గర పాలు పోయించుకుంటున్నాం. పెద్దింటోళ్ళు ఏం చేసిన్రు? పాలవాణ్ణే కొనేసిన్రు. సింపుల్ లా,” అంది నిగార్.

నిగార్ కెలాపా యజమాని. హైదరాబాద్ పిల్ల. ఎనిమిదేళ్ళప్పుడు వాళ్ళమ్మతో కలిసి ఇక్కడికి వచ్చింది. ఉర్దూ, తెలుగు, మాట చివర ‘లా’ తగిలించే ఇక్కడి ఇంగ్లీషు ఒకే వాక్యంలో కలిపేస్తుంది. కోపం వస్తే మూడూ వేగంగా వస్తాయి.

“మనకు లైసెన్సు ఉంది గదా,” అంది ఆమని.

“కంప్యూటర్‌కి ఉంది. టీవీ కన్సోల్‌కి ఉంది. నేనే సైన్ చేసిన. హ్యాండ్‌హెల్డ్‌ది ఏది? శుక్రవారం పన్నెండింటికి ఈశ్వరరావు కంపెనీ వాళ్ళ చేతికి పోతది. కాయితం ఉన్నోళ్ళకు పాత హక్కులు అట్లనే ఉంటయట. లేనోళ్ళకు లేవు. లెటర్‌లో క్లియర్‌గా రాసిన్రు.”

హ్యాండ్‌హెల్డ్ పని రెండేళ్ళ కిందటిది. అది చూసింది ఆమనే. అప్పట్లో శనివారం శనివారం క్లెమెంటి వెళ్ళి ఈశ్వరరావు పక్కన కూర్చునేది. ఆయన తన కోడ్ తెరిచి, ప్రతి వరుసా ఎందుకలా రాశాడో చెప్పేవాడు. ఒక శనివారం హ్యాండ్‌హెల్డ్‌కి సరిపోయేలా తయారుచేసిన అడుగు ఆమని చేతిలో పెట్టి, “వాడుకోండమ్మా,” అన్నాడు. ఆమని వాడుకుంది. అంతే జరిగింది.

అవునా, అంతేనా? సాయంత్రం నాలుగింటికి పాత ఈమెయిళ్ళు తవ్వుతుంటే ఒకటి దొరికింది. ఆ శనివారం తరువాతి మంగళవారం ఈశ్వరరావు పంపినది. ‘ఆమనీ, హ్యాండ్‌హెల్డ్ లైసెన్సు అనుబంధ పత్రం జతచేశాను. నిగార్ చేత సంతకం పెట్టించి పంపు.’ దాని కింద ఆమని జవాబు. ‘అక్కర్లేదు అంకుల్. మీ మాట చాలు.’

ఆమనికి ప్రాణం లేచొచ్చింది.

“దొర్కింది. అంకుల్ ఇస్తా అన్నట్టు రాతల ఉంది. చూడు,” అని నిగార్‌కి చూపించింది.

నిగార్ ఫోనులో ఉంది. స్టూడియో వాళ్ళకు ఏదో సర్దిచెబుతోంది. తెర వంక ఒక్క క్షణం చూసి బొటనవేలు పైకెత్తింది. ఆమని ఆ ఈమెయిలుని టాల్‌మోర్ వాళ్ళకు పంపేసింది. మూడో పని కూడా కొట్టేసి, ఆ రోజుకి ఇంటికి వెళ్ళిపోయింది.

మంగళవారం పొద్దున పదకొండింటికి టాల్‌మోర్ నుంచి కాల్ వచ్చింది. లైసెన్సుల సంగతి చూసే శ్రీనాథ్ అనే అతను. విశాఖపట్నం వాడు, వాళ్ళ సింగపూర్ ఆఫీసులో ఉంటాడు. ఆమని పేరు చూసి మొదటి నిమిషంలోనే తెలుగులోకి దిగాడు. మర్యాదస్థుడు. అదే ఇంకా ఇబ్బందిగా ఉంది.

“మేడం, మీరు పంపిన మెయిల్ చూశానండి. దాంతో పని చాలా తేలికైపోయింది.”

“థాంక్సండి,” అంది ఆమని.

“అంటే, మా వాళ్ళకు తేలికైందండి.” అటువైపు గొంతు సవరించుకున్నాడు. “ఈశ్వరరావు గారు లైసెన్సు ఇస్తామన్నారు. మీరు అక్కర్లేదన్నారు. మా లీగల్ వాళ్ళు దాన్ని తిరస్కరణ కింద రాసుకున్నారు. మెయిల్ లేకపోతే అసలు మాటేమైందో తెలీదు అనుకుని ఇంకో నాలుగు రోజులు చూసేవాళ్ళేమో. ఇప్పుడు మీ రాతే ఉంది కదండి.”

పక్కన కూర్చుని స్పీకర్లో వింటున్న నిగార్ కళ్ళు మూసుకుంది.

“అక్కర్లేదు అన్నది లైసెన్సు కాదండి. కాయితం అక్కర్లేదన్న. ఆయన మీద నమ్మకముందని చెప్పిన.”

“నాకు తెలుసండి. నేనూ మా మావయ్యతో అలాగే మాట్లాడతాను. ఆయన కారు తాళాలిస్తూ ఎప్పుడు తిరిగిస్తావో రాసిమ్మంటే నేను చచ్చిపోతాను. కానీ మేడం, ఆ మెయిల్ చదివేది నేను కాదు కదా. చదివేవాళ్ళకు అంకుల్ అంటే ఆయన మీ బంధువేమో అని ఇంకో అనుమానం. అది కూడా అడిగారు.”

“ఇప్పుడు కొత్తగ లైసెన్సు ఇయ్యొచ్చు గదా మీరు?”

“శుక్రవారం తర్వాత మా ఇంజిన్‌తో చేసిన ఆటలకే ఇస్తామండి. పాలసీ అది. ఇంకోటి మీరు బయట వినేకంటే నేనే చెప్పడం మంచిది. మీ స్టూడియో వాళ్ళ ఆట మా ఇంజిన్‌లోకి ఉచితంగా మార్చిపెడతామని మా సేల్స్ వాళ్ళు నిన్న పుంగ్గోల్ వెళ్ళొచ్చారు.”

కాల్ అయిపోయాక నిగార్ కుర్చీ వెనక్కి జరిపి ఆమనికేసి చూసింది.

“నీకు ఆయన అంకుల్, ఓకే. నాకు వెండర్, యార్. వెండర్ కాయితం పంపితే నాకు ఫార్వర్డ్ చేయాలి. నువ్వు నమస్కారం పెట్టి వాపస్ పంపినవ్.”

“పెద్దాయన మాటిచ్చినంక సంతకం అడుగుడంటే…”

“ఆయనే అడిగిండు సంతకం. నువ్వు కాదు.”

ఆమని వాళ్ళ ఇంట్లో డిగ్రీ చదివిన మొదటి మనిషి. మెట్‌పల్లిలో వాళ్ళమ్మ బీడీలు చుట్టింది, నాన్న బస్సు డిపోలో బస్సులు కడిగాడు. ఎవరైనా పెద్దమనిషి వాళ్ళకోసం ఒక మంచి మాట అంటే, ఆ మాటను రెండో సారి అడగకుండా ఉండడమే వాళ్ళింట్లో మర్యాద. రాసిమ్మంటే మొహం మీదే నమ్మనని చెప్పినట్టు. యూనివర్సిటీలో కాంట్రాక్టుల గురించి ఒక సెమిస్టరంతా చదివింది ఆమని. మంచి మార్కులే వచ్చాయి. ఆ చదువు ఈశ్వరరావు అంకుల్‌కి కూడా వర్తిస్తుందని ఆమెకు ఒక్కసారి కూడా తట్టలేదు.

బుధవారం మధ్యాహ్నం క్లెమెంటి వెళ్ళింది. చిన్న తిండి కొట్లన్నీ ఒకచోట ఉండే హాకర్ సెంటర్‌లో ఈశ్వరరావు, చోటు ఆపుకున్న గుర్తుగా టేబుల్ మీద టిష్యూ ప్యాకెట్ పెట్టి, రెండు టీలు పట్టుకుని వస్తూ కనిపించాడు. యాభై ఎనిమిదేళ్ళ మనిషి, ఈ వారంలోనే ఇంకో ఐదేళ్ళు పెరిగినట్టున్నాడు.

“కూర్చోమ్మా. తిన్నావా? ఏదన్నా తీసుకురానా?”

“తిన్న అంకుల్.” తినలేదు. “ముందుగాల కంగ్రాట్స్.”

“ఏం కంగ్రాట్సమ్మా. నిన్న టాల్‌మోర్ అబ్బాయి, ఆ శ్రీనాథ్, ఫోన్ చేశాడు. అంతా చెప్పాడు. తప్పు నాదే. నువ్వొద్దన్నా నేను ఇంకోసారి పంపాల్సింది. మా ఆవిడ అప్పుడే అన్నది, ఆ పిల్ల సంతకం పంపలేదండీ అని. పోనీలే, మనమ్మాయే కదా అన్నాను.”

“మీరు వాళ్ళకు చెప్పొచ్చు గదా అంకుల్, నోటితోని ఇచ్చిన్నని?”

“చెప్పాను. నాలుగు సార్లు చెప్పాను. లైసెన్సులన్నీ ఒక జాబితా రాసిమ్మన్నారు అమ్మకానికి ముందు. రాసిచ్చాను. ఇంతే, ఇంకేం లేవు అని సంతకం పెట్టాను. మీ హ్యాండ్‌హెల్డ్ అందులో లేదమ్మా. ఫైళ్ళు చూసి రాశాను కదా, కాగితం లేనిది గుర్తురాలేదు. ఇప్పుడు ఉందంటే, మరి అప్పుడెందుకు రాయలేదంటున్నారు. శుక్రవారం లోపు కొత్తది ఏదివ్వాలన్నా వాళ్ళ ఒప్పుదల కావాలి. అడిగాను. జవాబు లేదు.”

టీ చల్లారిపోతోంది. పక్క టేబుల్ దగ్గర ఇద్దరు విద్యార్థులు తమ ట్రేలు పట్టుకుని నిలబడి, వీళ్ళెప్పుడు లేస్తారా అని చూస్తున్నారు.

“అసలు అందరికీ ఇస్తామనే కొన్నారమ్మా వాళ్ళు,” అన్నాడు ఈశ్వరరావు. “వాళ్ళ వైస్ ప్రెసిడెంటు ఇంటికొచ్చాడు. మా ఆవిడ పప్పుచారు పెట్టింది, పెరుగన్నం కూడా అడిగి మరీ తిన్నాడు. ఐదు ఇంజిన్లకీ ఎప్పట్లాగే వెళుతుంది రావ్ గారూ, మీరు నిశ్చింతగా ఉండండి అన్నాడు.”

“అది అగ్రిమెంట్ల ఉందా అంకుల్?”

ఆయన కప్పు చుట్టూ వేలితో గీతలు గీశాడు.

“ఇంటికొచ్చి అన్నం తిన్న మనిషిని, అది రాసియ్యి అని ఎట్లా అడుగుతామమ్మా?”

ఆమనికి ఆయన మీద కోపం రావాలి. వచ్చింది కూడా. కానీ ఆ మాట అచ్చంగా తన మాటే. దాన్ని పట్టుకుని ఆయన్ని ఏమనగలదు? అనకుండా మింగితే మింగుడు పడదు. టాల్‌మోర్ వాళ్ళు దొంగతనం చేయలేదు, అడిగితే అబద్ధం ఆడామని కూడా అనరు. ఇద్దరు బుద్ధిమంతులు ఇష్టంగా తెరిచిపెట్టిన తలుపులోంచి నడిచి వచ్చారు, అంతే.

ఈశ్వరరావు గొంతు తగ్గించాడు. “ఒక పని చేద్దాం. ఇంటికి రా. ఆ అనుబంధ పత్రం ఇప్పుడు ప్రింటు తీసి, రెండేళ్ళ కిందటి తేదీ వేసి సంతకం పెడతాను. నిగార్ కూడా పెడుతుంది. ఏదో ఫైల్లో అడుగున దొరికిందని చెప్పు. శుక్రవారం దాకా కంపెనీ నాదే కదా. నేనిచ్చిన మాటకి నేను కాగితం రాసుకుంటే తప్పేముంది?”

తప్పేముందో చెప్పడం ఆమనికి వెంటనే చేతకాలేదు. ఆ కాగితంలో ఉండే ప్రతి మాటా నిజమే. తేదీ ఒక్కటే అబద్ధం. ఆ కాగితంతో ఆట విడుదలవుతుంది, పదకొండు మంది ఆరో అంతస్తులోనే ఉంటారు, తన పొరపాటు ఎవరికీ గుర్తుండదు. ఇంకో నిమిషం ఆలోచిస్తే సరేననేసేదేమో.

“మీరు జాబితా మీద సంతకం పెట్టిన్రు గదా అంకుల్. ఇదొక్కటి బయటపడితే అది అబద్ధమైతది. మీరు అబద్ధమాడిన్రని వాళ్ళ దగ్గర రాతల ఉంటది.”

“నా సంగతి నేను చూసుకుంటాలే.”

“వద్దంకుల్.”

“అప్పుడేమో నా మాట చాలన్నావు,” అన్నాడు ఈశ్వరరావు. ఆయన ముఖం ఎర్రబడింది. “ఇప్పుడు నా సంతకం కూడా వద్దా?”

“తప్పు నాది. దానికి మీ సంతకం పెట్టియ్యను.”

ట్రేలు పట్టుకున్న విద్యార్థులు విసుగెత్తి వేరే టేబుల్ వెతుక్కుంటూ పోయారు.

“ఇంకోటి ఉందమ్మా. అదీ చెప్పేయాలి,” అన్నాడు చివరికి. “నా కోడ్ లోపలికి చూసినవాళ్ళ పేర్లు రాయమన్నారు. నాది, మా ఆవిడది, నీది రాశాను. నా దగ్గర పూర్తిగా నేర్చుకున్న పిల్ల ఒకటుందని చెప్పుకోవాలనిపించింది. ఆ పేర్లున్నవాళ్ళు పాదాల పని మళ్ళీ ఎక్కడన్నా రాస్తే, అది తమ సొత్తులోంచి తీసినట్టే చూస్తారట. నాకైతే మూడేళ్ళ దాకా ఆ పని చేయకూడదని ఒప్పందంలోనే ఉంది. నీకు ఉత్తరం వస్తుంది.”

గురువారం ఆ ఉత్తరం వచ్చింది. నిగార్ దాన్ని రెండుసార్లు చదివి బల్ల మీద బోర్లా పెట్టింది.

“అంటే, మన దగ్గర పాదాలు రాయగలిగిన మనిషి ఒక్కతే ఉంది, ఆమె రాయొద్దు. వాహ్.”

“బ్యాక్ డేట్ వేస్తా అన్నడు అంకుల్. నేనే వద్దన్న. నిన్ను అడగకుండనే వద్దన్న. అది కూడా నీకు చెప్పాలె.”

నిగార్ ఆమెను పైనుంచి కిందికి చూసింది.

“అడిగుంటే నేను కూడా వద్దనేదాన్ని,” అంది. “ఒక గంట ఏడ్చి వద్దనేదాన్ని. సరే. నేను రాస్తా.”

నిగార్ కోడ్ రాసి నాలుగేళ్ళయింది. అడుగు లోపల ఏముందో ఆమె ఎన్నడూ చూడలేదు. వాళ్ళకు మిగిలిన అర్హత అదొక్కటే. లాయర్ని అడిగితే ఒక పద్ధతి చెప్పాడు. పాదాలు ఏం చేయాలో ఆమని మామూలు మాటల్లో రాయొచ్చు. ఎలా చేయాలో రాయకూడదు, చెప్పకూడదు, సైగ కూడా చేయకూడదు. నిగార్ ఆ మాటలు చదివి తన తలతో రాసుకోవాలి. పుంగ్గోల్ స్టూడియో వాళ్ళ దగ్గరికి వెళ్ళి నిగార్ ఉన్నదున్నట్టు చెప్పింది. అప్పటికే పెట్టేబేడా సర్దేసుకున్న మనుషుల్లా విన్నారట వాళ్ళు. చివరికి రెండు నెలలు ఆగుతామన్నారు. ఆట సగంలో ఇంజిన్ మార్చడమంటే వాళ్ళకూ భయమే.

శుక్రవారం పన్నెండు దాటింది. ఐదు ఇంజిన్లకూ ఒకే రోజు వెళ్ళే కొత్త వెర్షన్ ఆ రోజు నుంచి ఒక్క ఇంజిన్‌కే వెళ్ళడం మొదలైంది. కెలాపా వాళ్ళు హ్యాండ్‌హెల్డ్ వెర్షన్‌లోంచి అడుగుని తీసేశారు. తెర మీద పోస్టుమనిషి మెట్ల పక్కనే గాల్లో నడుస్తూ కొండెక్కింది.

ఆ తరువాత గడిచిన వారాల్లాంటివి ఆమని ఎన్నడూ గడపలేదు. ‘పై మెట్టు మీద పాదం ఆనినప్పుడు వెనక కాలి మడమ ముందు లేవాలి’ అని రాసేది. నిగార్ దాన్ని చదివి, మూడు రోజులు కుస్తీపట్టి ఏదో రాసేది. నడిపి చూస్తే పోస్టుమనిషి మోకాలు కొంగ మోకాలిలా వెనక్కి వంగేది. ఆమనికి కారణం చూడగానే తెలిసిపోయేది. ఒక్క వరుస. ఆ వరుస ముందు ఉండాల్సిన చోట కాకుండా తరువాత ఉంది. చిన్నపిల్లకు చెప్పినట్టు చెప్పొచ్చు. చెప్పకూడదు.

“నువ్వు మొహం పెట్టకు,” అనేది నిగార్ వెనక్కి తిరగకుండానే. “స్క్రీన్ అద్దంలో కనిపిస్తున్నవ్. నీ మొహం కూడా సోర్స్ కోడే.”

“నేను చూస్తలేను.”

“ఊపిరి పీలుస్తున్నవ్. గట్టిగ పీలిస్తే తప్పు అని అర్థం. మెల్లగ పీలిస్తే రైట్ అని. నాకు అలవాటైపోయింది, అది కూడా బంద్. బయటికి పో, మకాన్, తిండి తెచ్చుకో, ఏదన్నా చెయ్.”

ఆమని బయటికి వెళ్ళి, లిఫ్టు వదిలేసి, ఆరు అంతస్తులు మెట్లు దిగేది. దిగుతుంటే తన పాదాల్లోనే ఆ వరుస కనిపించేది. మడమ, మునివేళ్ళు, నడుము ఒక వేలెడు దిగడం. మళ్ళీ ఎక్కేది. ఎవరైనా కాలో చెయ్యో విరిగి కూర్చుంటే అదొక రకం. అన్నీ బాగుండి, పని వచ్చి, ఎదురుగా పని చెడిపోతుంటే చేతులు ముడుచుకుని కూర్చోవడం ఇంకో రకం. ఒక రోజు మూడో అంతస్తు మలుపులో నిలబడి గోడని అరచేత్తో రెండు దెబ్బలు కొట్టింది. చెయ్యి నొప్పెట్టింది తప్ప ఏమీ కాలేదు.

ఐదో వారంలో నిగార్ వేరే దారి పట్టింది. వాళ్ళమ్మకు మోకాళ్ళ నొప్పులు. సెరంగూన్‌లో వాళ్ళ బ్లాక్ మెట్ల దగ్గర వాళ్ళమ్మను నలభై సార్లు ఎక్కించి, దించి, ఫోనులో వీడియో తీసుకొచ్చింది. మోకాళ్ళు నొప్పిపెట్టే మనిషి ప్రతి మెట్టునూ ఆలోచించి ఎక్కుతుంది, పాదం ఎక్కడ పెట్టాలో ముందే చూసుకుంటుంది. నిగార్ కోడ్ కూడా అలాగే ముందు చూసుకుని, తరువాత ఆనించింది. అది అడుగు పద్ధతి కాదు. ఆమనికి తెలిసిన ఏ పద్ధతీ కాదు. కానీ పాదం ఆనింది.

“ఇరవై ఏళ్ళ పోస్టుమనిషి యాభై ఐదేళ్ళ మా అమ్మీలాగ నడుస్తున్నది,” అంది నిగార్. ఆమె కళ్ళ కింద నల్లటి చారలు. “ఇప్పుడు ఊపిరి పీల్చు. ఏమంటవ్?”

“మంచిగనే ఉంది.”

“అబద్ధం చెప్పడం నేర్చుకున్నవ్.”

ఆట ఏడు వారాలు ఆలస్యంగా వచ్చింది. ఆడినవాళ్ళు కథ బాగుందన్నారు. ఒకరిద్దరు నడక బరువుగా ఉందని రాశారు. స్టూడియో వాళ్ళు పెద్ద డబ్బాడు కేకు పంపించి, ఆ మరుసటి వారం తమ తరువాతి ఆట టాల్‌మోర్ ఇంజిన్‌తో చేస్తున్నట్టు ఉత్తరం రాశారు. వాళ్ళను తప్పుపట్టడానికి లేదు. మళ్ళీ ఇంకేది ఎవరు కొంటారో, మళ్ళీ ఎవరు ఎవరి దగ్గర కాగితం తీసుకోలేదో అని వాళ్ళు భయపడ్డారు. కెలాపా పదకొండు మందిలో ఏడుగురు మిగిలారు. మిగతా మూడు ఇంజిన్లలో ఒకటి మూతపడిందని ఆ ఏడాది చివర్లో తెలిసింది. టాల్‌మోర్ వాళ్ళు అడుగుకి వేరే పేరు పెట్టారు. అందులో ప్రతి ఫైలు మొదట్లో ఉండే ఈశ్వరరావు పేరు తీసేశారు. అది వాళ్ళ హక్కే, ఒప్పందంలో ఉంది.

విడుదలకు ముందు ఆట చివర వచ్చే పేర్లలో కృతజ్ఞతలు అని ఆయన పేరు వేద్దామని ఆమని అడిగింది. లాయర్ వద్దన్నాడు. ఆ పేరు ఉంటే ఆయన పని వాడుకున్నారని వాళ్ళే ఒప్పుకున్నట్టవుతుందన్నాడు. ఆమని ఇంకో రకంగా అడిగింది, ఈసారి కేవలం స్నేహితుడని. దానికీ వద్దన్నాడు.

ఆట వచ్చాక ఒక శనివారం క్లెమెంటి వెళ్ళి ఆ మాట ఆయనకే చెప్పింది. దాచడం బాగుండదనిపించింది.

“పోనీలేమ్మా,” అన్నాడు ఈశ్వరరావు. “ఆట ఆడి చూశాను. ఆ నడక ఎవరు రాశారు?”

“నిగార్.”

“మెట్టు ముందే చూసుకుంటోంది ఆ పిల్ల. నాకు పదిహేనేళ్ళలో తట్టలేదు.” ఆయన ఇంకేదో అనబోయి, ఆమని కేసి చూసి ఆగిపోయాడు. ఇప్పుడాయన ఏం చెప్పినా అది పాదాల సంగతే అవుతుంది. చెప్పకూడదు. ఇద్దరూ అలా కూర్చున్నారు. శ్యామలాదేవి కాఫీ తెచ్చి, వీళ్ళు మాట్లాడుకోకపోవడం చూసి, టీవీ పెట్టింది.

అందుకని ఇది చదివినవాళ్ళను అడగవలసింది ఒకటుంది. కెలాపా ఆటలో ఆయన పేరు లేదు, టాల్‌మోర్ ఇంజిన్‌లోనూ లేదు, ఇకముందు ఎక్కడా ఉండబోదు. తాను రాసినది పోటీదార్లందరికీ ఒకే రోజు, ఒకే రకంగా పంపిన మనిషి ఒకాయన ఉన్నాడు. చీరాల నుంచి వచ్చి క్లెమెంటిలో ఉంటాడు. ఆయన పేరు ఈశ్వరరావు. కాగితం మీద లేదు కాబట్టి, మీరు గుర్తుపెట్టుకోండి.